పేవర్ల సందుల్లో ఇసుక

పోయిన దసరాకి ఇల్లు దులుపుతూ, వాకిట్లో పేవర్లకి పట్టిన నాచు కూడా వదలగొడదామని కారు కడిగే ప్రెషర్ గన్ పట్టుకున్నాను. గంటలో వాకిలంతా ఎర్రగా మెరిసింది. సందుల్లో ఉన్న ఇసుక కూడా నీళ్ళతో పాటే పోయిందని నాకు తట్టలేదు.

నెల తిరక్కుండా నాలుగు రాళ్ళు కదలడం మొదలుపెట్టాయి. ఓ ఉదయం తులసికోట దగ్గరికి వెళ్తూ మా అత్తయ్య కాలు మడతపడి పడిపోయారు. ఎముక విరగలేదు గానీ మూడు వారాలు మంచం దిగలేదు. "నాచుతో పాటు నన్నూ కడిగేశావు కదమ్మా" అని ఆవిడ నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మేస్త్రి వచ్చి చూసి, "ఇసుక లేకపోతే రాయి ఎట్లా నిలబడుతుందమ్మా?" అన్నాడు. అప్పుడు కూర్చుని వీటి కథేమిటో చదివాను.

హాలండ్‌లో చాలాచోట్ల నేల మెత్తన. వీధి కుంగుతూ ఉంటుంది. అందుకే అక్కడివాళ్ళు కాల్చిన ఇటుకల్ని సిమెంటు లేకుండా ఇసుక మీదే పరిచేవారు. కుంగిన చోట ఇటుకలు లేపి, ఇసుక పోసి, మళ్ళీ అవే పేర్చేవారు. 1940 మే 14న జర్మన్ విమానాల బాంబులకి రాటర్‌డామ్ నడిబొడ్డు కాలిపోయింది. యుద్ధం ముగిశాక దొరికిన ఇటుకలు ఇళ్ళు కట్టడానికే చాలలేదు. దాంతో వీధులకి అదే కొలతలో కాంక్రీటు ఇటుకలు పోశారు. సరుకు మారింది, పరిచే పద్ధతి మారలేదు. 1960ల్లో జర్మనీలో ఒకదాన్నొకటి పట్టుకునే వంకర అంచుల రకాలు వచ్చాయి. మన దేశంలో వీటికి ఐఎస్ 15658 ప్రమాణం వచ్చింది 2006లో.

రాయికీ రాయికీ మధ్య ఉండే సందు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. ఒక రాయి మీద కాలు పెడితే ఆ బరువుని పక్క రాళ్ళకి పంచేది అందులోని ఇసుకే. అది పోతే ఏ రాయికి ఆ రాయి ఒంటరి.

మా అమ్మ వాకిలి మట్టిది. రోజూ కళ్ళాపి, పండగకి అలుకు. తర్వాత తాండూరు బండలొచ్చాయి, తడిగుడ్డతో సరిపోయేది. పేవర్లొచ్చాక ఇక చేసేదేమీ లేదనుకున్నాను. అక్కడే పొరబడ్డాను.

మేస్త్రి కదిలిన రాళ్ళు లేపి, కింద ఇసుక సరిచేసి, మళ్ళీ దిమ్మిస కొట్టాడు. జల్లించిన పొడి ఇసుకని చీపురుతో ఏటవాలుగా సందుల్లోకి ఊడ్చాడు. మర్నాడు అది దిగిన మేర మళ్ళీ నింపాడు. సిమెంటు పాలు పోసేద్దామా అని అడిగాను. "వాన నీళ్ళు ఇంకవు, రేపు ఒక్క రాయి కుంగినా పగలగొట్టాల్సిందే" అన్నాడు. తెల్లమరకలకి బాత్రూం యాసిడ్ కూడా వద్దన్నాడు. అవి సిమెంటులోంచి పైకొచ్చే సున్నం, వానలకీ ఎండలకీ మెల్లగా అవే పోతాయట. యాసిడ్ పోస్తే రాయి పైపొరే తినేస్తుంది.

ఇప్పుడు నాచుకి గట్టి చీపురు, బకెట్టు నీళ్ళు. వానాకాలం వెళ్ళగానే సందుల్లో ఇసుక. అత్తయ్య మాత్రం చేతికర్రతో ఒక్కో రాయీ తట్టి చూసి మరీ అడుగేస్తున్నారు. నేనేమీ అనను.