మైత్రీబాగ్ తెల్లపులులు

1955 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ఫలముగా నేటి ఛత్తీస్‌గఢ్ లోని భిలాయి యందు ఉక్కు కర్మాగారము వెలసి, 1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు చేతులమీదుగా తొలి కొలిమి ప్రారంభము కాగా, దానికి వలయు ఇనుపరాయిని దల్లీరాజహరా కొండలు సమకూర్చినవి. కొండలను త్రవ్వి బ్రదుకు ఆ కర్మాగారమే 1972లో ఇరుదేశముల చెలిమికి గురుతుగా మైత్రీబాగ్ అను జంతుప్రదర్శనశాలను నెలకొల్పినది. వన్యప్రాణి సంరక్షణ చట్టము పుట్టినదియు ఆ యేడే.

అచటికి వచ్చు జనులలో, పనికై వలసవచ్చి స్థిరపడిన తెలుగువారితో సహా, పెక్కుమంది వెదకునది తెల్లపులిని. 1951లో రీవా మహారాజు మార్తాండసింగునకు చిక్కిన మోహన్ అను పిల్లతో వాని పెంపకము ఆరంభమైనది. అయితే తెల్లపులి వేఱొక జాతి కాదు. తల్లిదండ్రు లిరువురినుండియు ఒకే అంతర్గత లక్షణము సంక్రమించినపుడే ఆ వర్ణము కలుగును గావున, దానిని నిలుపుటకై రక్తసంబంధము గల పులులనే జతకూర్చి, పుట్టు వైకల్యములకు మానవుడే త్రోవ తీసెను. బోను ముందు నిలిచిన బాలునికి మొట్టమొదట చెప్పవలసినది ఇదియే యని నా తలంపు.

అచ్చముగా ఈ నేలకు చెందినదియు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమృగమునైన అడవి ఎనుబోతు ఉదంతి వనములలో మిక్కిలి క్షీణించినది. దాని కథ వినిపించుటకు తెల్లపులి ముందు మూగిన గుంపుకంటె మంచి సభ మఱి దొరకదు.