ఎవరినడిగి ఎండను తగ్గిస్తారు?

మన నేలలో గని తవ్వాలన్నా, ప్రాజెక్టు కట్టాలన్నా ముందు మనల్ని అడగాలని మన పెద్దలు కొట్లాడారు. 1996 నాటి పెసా చట్టం, 1997 నాటి సమతా తీర్పు అలాంటి కొట్లాటల వెనకే వచ్చాయి. మరి ఆకాశంలో ఏదైనా చేయాలంటే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్న మనకంటే ముందు సామీ ఆదివాసుల గడప తొక్కింది.

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తర కొసన సామీలు ఉంటారు. రెయిన్‌డీర్ మందల పెంపకం వాళ్ల తరతరాల జీవనం. భూమి వేడెక్కడం వాళ్లను ముందే దెబ్బతీసింది. చలికాలంలో మంచు మీద వాన పడి గట్టి పెచ్చులా గడ్డకడుతోంది. దాని కిందున్న మేతను పశువులు గిట్టలతో తవ్వుకోలేకపోతున్నాయి.

వేడికి విరుగుడుగా కొందరు శాస్త్రవేత్తలు ఒక మాట ముందుకు తెచ్చారు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినతుబో అగ్నిపర్వతం పేలింది. అది ఐతా ఆదివాసుల కొండ. వేలాది ఐతాలు ఇల్లూ పొలమూ వదిలి శిబిరాల పాలయ్యారు. అప్పుడు పైకెగసిన గంధకపు వాయువు సన్నని తెరలా మారి ఎండను అడ్డుకుంది. ఆ తర్వాత ప్రపంచం సుమారు అర డిగ్రీ చల్లబడింది. 1992లో నేల మీద వానలూ తగ్గాయి. అలాంటి తెరను మనుషులే వేయవచ్చా అన్నదే చర్చ. దీన్ని పరిశోధించాలని 2006లో నోబెల్ గ్రహీత పాల్ క్రుట్జెన్ రాశాక చర్చ ఊపందుకుంది.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు స్కోపెక్స్ అనే ప్రయోగం తలపెట్టారు. 20 కిలోమీటర్ల ఎత్తుకు బెలూన్ పంపి, రెండు కిలోలకు మించకుండా సుద్దపొడి లాంటిది వదిలి, ఏం జరుగుతుందో కొలవాలని ఆలోచన. తొలి బెలూన్‌ను 2021 జూన్‌లో స్వీడన్‌లోని కిరునా దగ్గర ఎగరేయాలనుకున్నారు. కిరునా సామీల నేల. ఈసారి పొడి వదలం, పరికరాలను మాత్రమే పరీక్షిస్తాం అన్నారు. కానీ సామీలను అడగలేదు.

2021 ఫిబ్రవరిలో సామీ కౌన్సిల్, స్వీడన్ పర్యావరణ సంఘాలతో కలిసి లేఖ రాసింది. మా నేల మీద మమ్మల్ని అడగకుండా ఎలా చేస్తారని నిలదీసింది. ఈ దారి ప్రమాదకరమనీ, బొగ్గు, చమురు మానాల్సిన పనిని ఇది పక్కకు నెడుతుందనీ చెప్పింది. సామీలకు ఆకాశంతో ఒక చేదు అనుభవం ఉంది. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగినప్పుడు విషధూళి గాలిలో వచ్చి వాళ్ల మేతభూముల మీద పడింది. రెయిన్‌డీర్ మాంసం తినడానికి పనికిరాకుండా పోయింది.

మార్చి నెలాఖరున స్వీడన్ అంతరిక్ష సంస్థ ఆ ప్రయోగాన్ని రద్దు చేసింది. 2024 మార్చిలో హార్వర్డ్ మొత్తం ప్రాజెక్టునే ఆపేసింది.

పరిశోధకుల వాదనలోనూ నిజం ఉంది. వేడి పెరుగుతూనే ఉంది, తెలుసుకోకుండా కాదనడం ఎలా అని వాళ్లు అడుగుతారు. కానీ ఒకసారి తెర వేస్తే ఏళ్ల తరబడి వేస్తూనే ఉండాలి. మధ్యలో ఆపితే అణిగి ఉన్న వేడి ఒక్కసారిగా మీదపడుతుంది. రుతుపవనాలు మారితే మన పోడు పంట ఏమవుతుంది? ఆ నష్టం ఎవరు భరిస్తారు?

పొగ గొట్టాలు మనవి కావు. అయినా దెబ్బ మనకే ముందు తగులుతోంది, మందు పేరుతో జరిగే ప్రయోగమూ మన గడపకే ముందు వస్తోంది. సామీలు శాస్త్రాన్ని కాదనలేదు, తమను అడగకుండా చేయడాన్ని కాదన్నారు. ఉపాధ్యాయ మిత్రులారా, గ్రామసభ గురించి పాఠం చెప్పే రోజున కిరునా గురించి కూడా చెప్పండి.