విళింజం తరంగ విద్యుత్కేంద్రము

విళింజం తరంగ విద్యుత్కేంద్రము కేరళ రాజధాని తిరువనంతపురానికి దక్షిణాన, విళింజం మత్స్యరేవు వద్ద 1991లో నెలకొల్పిన ప్రయోగాత్మక కేంద్రము. సముద్రపు అలల నుండి విద్యుత్తును తీయడానికి భారతదేశంలో నిర్మించిన మొదటి కేంద్రము ఇదే. దీని గరిష్ఠ సామర్థ్యము 150 కిలోవాట్లు. 2011లో దీనిని మూసివేశారు. (విళింజంలో 2025లో ప్రారంభమైన అంతర్జాతీయ ఓడరేవు వేరు, ఈ మత్స్యరేవు వేరు.)

పనిచేసిన విధానము

కేంద్ర ప్రభుత్వ సముద్ర అభివృద్ధి శాఖ నిధులతో మద్రాసు ఐ.ఐ.టి. నిపుణులు దీనిని రూపొందించారు. సుమారు 3,000 టన్నుల కాంక్రీటు పెట్టెను నీటిపై తేలించి తెచ్చి, రేవుకు రక్షణగా ఉన్న రాతికట్ట సమీపాన సముద్రపు అడుగున నిలిపారు. పెట్టెకు నీటి మట్టము కింద ఒక వైపు తెరపి ఉండేది. అల లోపలికి వచ్చినపుడు నీరు పైకి లేచి, పైనున్న గాలిని టర్బైను గుండా బయటకు నెట్టేది. అల వెనుదీసినపుడు బయటి గాలి అదే దారిన లోపలికి వచ్చేది. గాలి ఎటు వీచినా ఒకే దిశలో తిరగడము ఇందులో వాడిన వెల్స్ టర్బైను ప్రత్యేకత. బెల్‌ఫాస్టుకు చెందిన ఆచార్య అలాన్ వెల్స్ దీనిని కనిపెట్టాడు.

మత్స్యరేవుతో సంబంధము

మత్స్యరేవులకు అలల తాకిడిని ఆపే కట్ట ఎలాగూ కావాలి. ఆ కట్టనే ఇటువంటి పెట్టెలతో కడితే రేవుకు రక్షణ, విద్యుత్తు రెండూ లభిస్తాయి, ఖర్చు కూడా పంచుకున్నట్లవుతుంది. ఈ ప్రయోగము వెనుకనున్న ముఖ్యమైన ఆలోచన ఇది. అయితే ఇక్కడి అలలు నైరుతి ఋతుపవనాల నెలలలో ఉద్ధృతంగాను, శీతాకాలంలో మందంగాను ఉంటాయి. అందువలన ఉత్పత్తి నిలకడగా ఉండేది కాదు. పైగా ఆ విద్యుత్తు రాష్ట్ర గ్రిడ్డులో కలిసేది కనుక, రేవులోని మత్స్యకారులకు నేరుగా దక్కినది స్వల్పము.

మంచినీటి ప్రయోగము

తరువాత ఈ కేంద్రము చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అధీనంలోకి వచ్చింది. ఆ సంస్థ 2004లో ఇక్కడి విద్యుత్తుతోనే సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే యంత్రాన్ని నడిపింది. దాని సామర్థ్యము రోజుకు 10,000 లీటర్లు, అనగా మనిషికి 40 లీటర్ల లెక్కన 250 మందికి సరిపోయే నీరు. హెచ్చుతగ్గులుగా వచ్చే విద్యుత్తుకు ఇది తగిన వినియోగమే. విద్యుత్తును నిల్వ చేయడము ఖరీదైన పని, నీటికి తొట్టె చాలు.

ఇతర దేశాలలో

పెట్టెలను వరుసగా నిలిపి మత్స్యరేవుకు కట్టగా కట్టడము భారతదేశంలో జరగలేదు. విళింజం కేంద్రాన్ని మూసివేసిన 2011లోనే, స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు ముత్రికు రేవులో 16 టర్బైనులతో, 296 కిలోవాట్ల సామర్థ్యముతో అటువంటి కట్ట ప్రారంభమైనది.