కరణీకము గతించిన కథ

ధవళేశ్వరమున 1847 నుండి 1852 వరకు గోదావరిపై ఆనకట్ట కట్టబడిన పిమ్మట, తూర్పు డెల్టాయందలి మండపేట ప్రాంతమున మాగాణి విస్తరించినది. మాగాణితోపాటు లెక్కయు పెరిగినది. ఏ చేనికి ఏ కాలువనీరు పారినది, ఏ రైతు ఎంత శిస్తు చెల్లింపవలెను అను సంగతులను అడంగలునందు వ్రాయువాడు కరణము. ఆ సొమ్ము వసూలు చేయువాడు మునసబు. ఏటేట జరుగు జమాబందీకి ఈ లెక్కలే ఆధారము.

ఈ పదవులు బహుకాలము వంశపారంపర్యముగా నడచినవి. 1802 నాటి కరణముల రెగ్యులేషనును, 1895 నాటి మదరాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టమును వీనికి శాసనబలము చేకూర్చినవి. కరణము గృహమే కచేరి. ఆయన పెట్టెయే దఫ్తరము. ఇందు గుణమును కలదు, దోషమును కలదు. తాతనాటి గట్టుతగవు మనుమనికి కంఠస్థమై యుండెడిది. కాని, ఒక్కనికే తెలిసిన విద్య పదిమందిపై పెత్తనముగా మారుటయు కద్దు. సుమతీ శతకమున కరణమును గూర్చిన పద్యములు పుట్టుట ఊరక కాదు.

ఈ వ్యవస్థకు మొదటి దెబ్బ న్యాయస్థానమునుండి తగిలినది. తెనాలి తాలూకా పెరవలి గ్రామము రెండుగా విభజింపబడగా, క్రొత్త గ్రామపు మునసబు పదవికై వ్యాజ్యెము నడచినది. వంశమునుబట్టి ఉద్యోగ మిచ్చుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరు 6న తీర్పు చెప్పినది. జన్మహక్కు పోయినది, పదవి మాత్రము నిలిచినది.

రెండవ దెబ్బకు పదవియే పోయినది. 1984 జనవరి 6న, నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వకాలమున, ఆర్డినెన్సు మూలమున రాష్ట్రమందలి గ్రామోద్యోగుల పదవు లన్నియు ఒక్కసారిగా రద్దయినవి. వారు న్యాయస్థానముల నాశ్రయించిరి. పదవిని రద్దుచేయుట ప్రభుత్వ మధికారములోనిదే యని 1985లో సుప్రీంకోర్టు ఆర్డినెన్సును సమర్థించినది.

తమిళనాడున ఇట్టి మార్పే 1980లో జరిగినది. అచటి వ్యాజ్యెమున 1982లో ఇదే న్యాయము స్థిరపడినది. కాని తొలగింపబడినవారిలో తగిన చదువు గలవారిని పరిశీలించి మరల కొలువులోనికి తీసికొనుటకు అచటి ప్రభుత్వము అంగీకరించినది.

గ్రామోద్యోగులు అంతగా ఎదిరించుటకు కారణ మేమి? జీతమే యనినచో అది కొద్దిపాటిదే. ఊరిలో తరతరముల మర్యాద ఒక్కనాటితో పోవుట వారికి దుస్సహమైనది. అంతకు మించినది వేరొకటి కలదు: తప్పుడు లెక్క వ్రాసినవాడును, జీవితమంతయు నిక్కమైన లెక్క వ్రాసినవాడును ఒకే ఉత్తరువుతో తొలగింపబడిరి. సభాపర్వమున నారదుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలలో, నేరము తేలక మునుపే సమర్థుడగు సేవకుని తొలగించు విషయ మొకటి. శాసనమునకు ఆ ప్రశ్న అక్కరలేకపోవచ్చును, మనుష్యునకు అక్కర.

అయినను, మార్పు అనవసర మనుటకు వీలులేదు. గ్రామపు లెక్క ఒక ఇంటి సొత్తు కారాదు. ప్రజాస్వామ్యమున అది ప్రజలదే. ఎదిరించినవారి బాధ సత్యము. రైతునకు కలిగిన ఉపశమనమును సత్యమే. కొరవడినది వేరు: పుస్తకములు చేతులు మారినను, వాని వెనుకనున్న ఎరుక చేతులు మారుటకు తగిన యేర్పాటు వలసియుండెను. సరిహద్దు రాయి పటములో నుండును. దాని తగవు పటములో నుండదు.

మార్పు అంతటితో ఆగలేదు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. మండపేట తానే మండల కేంద్రమైనది. 2002లో పంచాయతీ కార్యదర్శుల యేర్పాటును, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములును వచ్చినవి. తెలంగాణమున 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు సయితము రద్దయినవి. నిన్న క్రొత్తగా వచ్చినవాడు నేడు పాతవాడగును.

కావున మార్పును తలపెట్టువారు మూడు సంగతులు మరువరాదు: ఎందులకో ముందుగా చెప్పుట, దోషిని, నిర్దోషిని వేరుపరచుట, పోవువాని ఎరుకను వచ్చువానికి గౌరవముతో అప్పగింపజేయుట. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునందును రేపు క్రొత్త చేతులు బీరువాల తాళపుచెవులు పట్టును. తాళపుచెవులతోపాటు, ఏ పుస్తక మే పాఠకునకు ప్రియమో తెలిసిన పెద్దల జ్ఞాపకమును వారికి దక్కుగాక!