జోనంగి, రాజపాళయం: తెలుగువారి రెండు జాగిలాలు – ఎంపిక ప్రజనన చరిత్ర

ఉపోద్ఘాతం:

తోడేలు సంతతి నుండి మానవుడు మచ్చిక చేసుకొన్న తొలి జంతువు శునకం. జర్మనీలోని బాన్-ఒబర్‌కాసెల్ వద్ద మనుషులతోపాటు సమాధి చేసిన కుక్క అవశేషాలు సుమారు 14,000 ఏళ్లనాటివి. అయితే నేడు 'జాతి' అని వ్యవహరిస్తున్న భావన ఇటీవలిది. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడిన తరువాతనే వంశావళి నమోదు, నిర్దిష్ట రూపప్రమాణాలు స్థిరపడ్డాయి. అంతకుముందు శునకాన్ని మలచినది ప్రధానంగా అది చేసే పని. ఈ భేదాన్ని గ్రహించడానికి తెలుగువారితో ముడిపడిన రెండు జాగిలాలు ఉపకరిస్తాయి.

జోనంగి – పని మలచిన రకం:

కృష్ణా, గోదావరి జిల్లాలలో, ముఖ్యంగా కొల్లేటి పరిసరాలలో జోనంగి జాగిలం ప్రసిద్ధం. పొట్టి నునుపైన వెంట్రుకలు, ముడుతలు పడిన నుదురు దీని ఆనవాళ్లు. ఇది మొరగడం అరుదు; ఒకవిధమైన రాగంతో కూస్తుంది. నేలలో గుంత తవ్వుకొని పడుకొంటుంది. బాతుల మందలను కాయడం దీని ముఖ్య వృత్తి. డెల్టా పొలాలు చేపల, రొయ్యల చెరువులుగా మారడంతో ఆ వృత్తి సన్నగిల్లింది. దానితోపాటు జాగిలాల సంఖ్యా తగ్గింది.

రాజపాళయం – వంశం మలచిన జాతి:

తమిళనాడులోని రాజపాళయంలో స్థిరపడిన రాజులు తెలుగు మాతృభాషగా గలవారు. 1949–52 మధ్య మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఆయన ఇంటిపేరు పూసపాటి. ఒకప్పటి విశాఖపట్నం జిల్లాలోని విజయనగర సంస్థానాధీశుల ఇంటిపేరూ అదే. ఈ రాజులు భాషను, ఇంటిపేర్లను నిలుపుకొన్నట్లే పందివేటకూ కాపలాకూ పెంచిన తెల్లని జాగిలాన్నీ నిలుపుకొన్నారు. 2005లో తపాలాశాఖ దీనిపై బిళ్ల విడుదల చేసింది. జాతీయ జంతు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన తొలి మూడు శునక జాతులు రాజపాళయం, చిప్పిపారై, ముధోల్. వీటిలో జోనంగి లేదు.

జన్యుశాస్త్ర దృష్టి:

గుర్తింపునకు మూల్యం ఉంది. చర్మానికి రంగునిచ్చే వర్ణక కణాలు లోపలి చెవి పనికీ అవసరం. పూర్తి తెలుపును, గులాబి ముక్కును కోరి తరతరాలుగా జతకట్టిస్తే ఆ కణాలు లోపించి పుట్టుచెవుడు సంక్రమించే అవకాశం హెచ్చుతుంది. తక్కువ సంఖ్యలో దగ్గరి బంధువులను కలపడంవల్ల అంతర్గత లోపాలు బయటపడతాయి. ఇందుకు భిన్నంగా, విశాఖపట్నం రేవు వీధులలో తిరిగే ఊరకుక్కలు ఏ వంశావళిలోనూ చేరవు. కాని స్వేచ్ఛగా జతకట్టే ఇటువంటి సమూహాలలోనే జన్యు వైవిధ్యం సాధారణంగా అధికం.

ముగింపు:

రాజపాళయాన్ని ఒక వర్గపు అభిమానం కాపాడింది. ఆ అభిమానమే దాని జన్యు పరిధిని కుదించింది. జోనంగికి వంశావళి లేదు. దాని పనే దానికి ప్రమాణం. ఆ పని పోయాక రూపాన్ని మాత్రమే ప్రమాణంగా తీసుకొని కొద్దిపాటి కుక్కలతో 'శుద్ధజాతి'ని నిర్మించబూనితే, పేరు నిలిచినా బాతులను కాచిన ఆ నేర్పు నిలవదు. కాబట్టి జోనంగి సంరక్షణ కొలతల పట్టికతో కాక, దానిని పెంచినవారి వృత్తిజ్ఞానాన్ని నమోదు చేయడంతో, వీలైనన్ని ఊళ్ల జాగిలాలను సంతానోత్పత్తిలో చేర్చడంతో ఆరంభం కావాలి.