రొమ్ము క్యాన్సరు – గ్రాహకాల చరిత్ర

1896లో గ్లాస్గో శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్, అండాశయాలను తొలగించిన తరువాత కొందరు స్త్రీలలో ముదిరిన రొమ్ము క్యాన్సరు తగ్గుముఖం పట్టిందని ప్రకటించాడు. కారణం అప్పటికి అంతుపట్టలేదు. అండాశయాలలో తయారయ్యే ఈస్ట్రోజెన్‌ను అందుకొనే గ్రాహకాలు కణితిలో ఉంటాయని దశాబ్దాల తరువాతగాని తెలియలేదు.

ఈలోగా, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల నుండి మెథోట్రెక్సేట్ వెలువడింది. అది రొమ్ము క్యాన్సరుపైనా పనిచేస్తుందని 1951లో డాక్టర్ జేన్ రైట్ బృందం చూపింది. అయితే విభజన చెందే ఆరోగ్యకరమైన కణాలను కూడ ఆ మందు దెబ్బతీస్తుంది.

క్యాన్సరు కణాన్నే గురిచూసే మార్గాన్ని వృద్ధి కారకాల గ్రాహకాలు చూపాయి. కణం పైపొరలో నిలిచి, పెరగమనే సంకేతాన్ని లోపలికి చేరవేసే మాంసకృత్తులివి. వీటిలో హెర్-2 గ్రాహకపు జన్యువు కొన్ని కణితులలో అనేక ప్రతులుగా పెరుగుతుందని, అట్టివారిలో వ్యాధి త్వరగా తిరగబెడుతుందని 1987లో డెనిస్ స్లామన్ బృందం వెల్లడించింది. ఆ గ్రాహకాన్ని పట్టుకొనే ట్రాస్టుజుమాబ్ అనే ప్రతిరక్షకానికి 1998లో అమెరికాలో అనుమతి లభించింది. దానికి సమానమైన మందును 2018లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ మన దేశంలో విడుదల చేసింది.

రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుండి 20 శాతం ఈ హెర్-2 రకానివి. కనుక భట్టిప్రోలు, రేపల్లె, తెనాలి ప్రాంతాల సోదరీమణులు రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుతో దాచుకోరాదు. క్యాన్సరని తేలితే, బయాప్సీ నివేదికలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్, హెర్-2 గ్రాహకాల ఫలితాలు ఉన్నవో లేవో వైద్యుణ్ణి తప్పక అడగాలి. ఏ మందు వాడాలో చాలవరకు నిర్ణయించేవి ఆ మూడు ఫలితాలే.