ఒకే మనిషి, రెండు పాజిటివ్‌లు

2020 ఆగస్టు 15. స్పెయిన్ నుంచి బ్రిటన్ మీదుగా వచ్చి హాంకాంగ్‌లో దిగాడు 33 ఏళ్ల యువకుడు. జ్వరం లేదు, దగ్గు లేదు. విమానాశ్రయంలో అందరితోపాటు కరోనా పరీక్షకు లాలాజలం ఇచ్చాడు. పాజిటివ్!

అతనికిది మొదటిసారి కాదు. మార్చిలో జ్వరం, దగ్గు, గొంతునొప్పి, తలనొప్పితో మూడు రోజులు బాధపడ్డాడు. 26న పాజిటివ్ వచ్చింది. ఆసుపత్రిలో ఉంచి, రెండుసార్లు నెగెటివ్ వచ్చాకే ఏప్రిల్ 14న ఇంటికి పంపారు. మొదటి పాజిటివ్ వచ్చిన 142 రోజులకు రెండోది, మళ్లీ ఆసుపత్రి మంచం.

పాత వైరస్సే పోలేదా, కొత్తది సోకిందా?

పాతదే అనుకోవడానికి గట్టి కారణమే ఉంది. ఆ వేసవిలో దక్షిణ కొరియాలో కోలుకున్న వందల మందికి మళ్లీ పాజిటివ్ వచ్చింది. జనం హడలిపోయారు. అక్కడి అధికారులు 108 మంది నమూనాల్లోని వైరస్‌ను ల్యాబ్‌లో పెంచి చూడబోతే, ఒక్కదాంట్లోనూ పెరగలేదు. పీసీఆర్ పరీక్ష పట్టుకునేది వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ ముక్కను. ఆ ముక్క బతికున్న వైరస్‌దో చచ్చినదానిదో అది చెప్పలేదు. కోత అయ్యాక చేలో మిగిలిన మోళ్లలా ఆ ముక్కలు వారాల తరబడి ఉండిపోతాయి.

హాంకాంగ్ యూనివర్సిటీలో కెల్విన్ టో, యూన్ క్వాక్-యుంగ్ బృందం ఊహతో సరిపెట్టుకోలేదు. మార్చి వైరస్, ఆగస్టు వైరస్ జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి చదివింది. దాదాపు 30,000 అక్షరాల్లో 24 చోట్ల తేడా! ఈ వైరస్‌లో అప్పట్లో నెలకు సుమారు రెండక్షరాలు మారేవి. నాలుగున్నర నెలల్లో అన్ని మారవు. పైగా రెండోదాని దగ్గరి చుట్టాలు జూలై, ఆగస్టుల్లో స్విట్జర్లాండ్, ఇంగ్లండ్‌లలో తిరుగుతున్నవి. రక్తమూ అదే చెప్పింది: చేరిన రోజు కనబడని యాంటీబాడీలు కొద్దిరోజులకే పుట్టుకొచ్చాయి. ఆగస్టు 24న ప్రకటించారు, ఇది కొత్తగా సోకినదేనని. జన్యుక్రమంతో రుజువైన తొలి కేసు అదే.

పేరు ఈ కేసుకే ఎక్కువ వచ్చింది. నా దృష్టిలో కొరియా పరీక్షలు అంతకన్నా ఎక్కువ మందికి మేలు చేశాయి. ఆ ఫలితాలు చూశాకే, మళ్లీ పాజిటివ్ వచ్చినవాళ్లను విడిగా ఉంచే పద్ధతిని మే నెలలో ఆ దేశం ఎత్తేసింది.

జన్యుక్రమం చదివే వీలు ప్రతి ఊళ్లోనూ ఉండదు. అందుకే మళ్లీ సోకిందని తేల్చడానికి మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ అప్పట్లో ఒక కొలత పెట్టింది: రెండు పాజిటివ్‌ల మధ్య కనీసం 102 రోజుల ఎడం, నడుమ ఒక నెగెటివ్. ఆ లెక్క తేలాలంటే తేదీలు కావాలి. పాత రిపోర్టులు పారేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.